కోస్తాలో లాన్ మార్చేటప్పుడు: ఏ గడ్డి, ఎప్పుడు, ఎలా

ఇంటి ముందు లాన్ పాడైతే చాలామంది మొదట చేసే పని కడియం వైపు నర్సరీకి ఫోన్ చేసి ఎన్ని చదరపు అడుగులు కావాలో చెప్పడం. వారంలో మట్టితో సహా కోసి చుట్టిన పచ్చటి గడ్డి తివాచీ వచ్చి పరుచుకుంటుంది. రెండో వానాకాలం దాటేసరికి మళ్లీ అవే మచ్చలు, అదే తుంగ. చాలాసార్లు ఇందులో రకం తప్పేమీ ఉండదు. పాతది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తదాన్ని దాని శవం మీదే పరిచారు, అంతే.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో గడ్డికి చలి గండం లేదు. ఇక్కడ గడ్డిని చంపేవి నీడ, నిలవ నీరు, ఉప్పు నీరు, తప్పుడు కోత. ఈ నాలుగింటిలో మీ ఇంట్లో ఏది పని చేస్తోందో తేలితే రకం ఎంపిక సగం అయిపోయినట్టే.

పాత గడ్డిని కోసి చూడండి

లాన్‌లో మూడు చోట్ల పారతో అరడుగు లోతు దిమ్మ కోయండి: బాగున్న చోట ఒకటి, మచ్చ మధ్యలో ఒకటి, మచ్చ అంచున ఒకటి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

మట్టి బూడిద రంగులోనో నల్లగానో ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తే అక్కడ నీరు నిలుస్తోంది. ఏ గడ్డి వేసినా ఇదే గతి, ముందు వాలు సరిచేయాలి. నాలుగైదు అంగుళాల కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు తగిలితే ఆ చోటు ఎండలో ఒక్క రోజుకే ఆరిపోతుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తను మేస్త్రీ అక్కడే కప్పేసి పైన ఒక ట్రక్కు ఎర్రమట్టి పోయించిన ఇళ్లు తక్కువేమీ కాదు. వేర్లన్నీ పై అంగుళంలోనే ఉండి, దాని కింద మట్టి రంగు వేరుగా ఉంటే, తివాచీతో వచ్చిన మట్టికీ మీ నేలకూ పొత్తు కుదరలేదన్నమాట. గోదావరి ఒండ్రులో పెంచిన తివాచీని విశాఖ ఎర్రనేల మీదో, తీరపు ఇసుక మీదో పరిస్తే తరచూ ఇలా అవుతుంది. పై జిగురు పొర నీటిని పట్టి ఉంచుతుంది, వేరు కిందికి దిగాల్సిన అవసరమే రాదు. తర్వాత మే నెల ఒక్క వారం మోటారు పాడైతే చాలు.

ఆకులకూ మట్టికీ మధ్య ఎండుగడ్డి లాంటి గోధుమరంగు పొర అర అంగుళం దాటి ఉంటే వాననీరు దానిలోనే ఆగి బూజులకు ఇల్లవుతుంది. కొరియన్ గడ్డి పాడవడానికి మొదటి కారణం ఇదే. చదరపు అడుగులో ఐదారుకు మించి తెల్లటి, మడత పడ్డ వేరుపురుగులు కనిపిస్తే పురుగు సమస్య. ఆకు కొనలు మాడి, నేల మీద తెల్లటి పొరలా పేరుకుంటే ఉప్పు. ఇవేవీ కనబడక, గోడ పక్కనో చెట్టు కిందో మాత్రమే గడ్డి సన్నగా పొడవుగా సాగి పలచబడితే నీడ.

ఎండ లెక్క

నీడను అందరూ తక్కువ అంచనా వేస్తారు. మన అక్షాంశంలో దానికో మెలిక ఉంది. విశాఖ దగ్గర మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఇంటికి ఉత్తరాన ఉన్న పెరట్లో జూన్‌లో చూస్తే బోలెడు ఎండ. అదే డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏడు మీటర్ల ఎత్తున్న రెండంతస్తుల ఇంటి నీడ అప్పుడు ఆరు మీటర్లు పడుతుంది, అంటే ఇరవై అడుగుల పెరడంతా నీడే. జూన్‌లో చూసి గరిక వేసినవాళ్లకు జనవరిలో మిగిలేది బోసి నేల.

కాబట్టి డిసెంబరు లెక్క పట్టుకోండి. ఆ నెల కోసం ఆగలేకపోతే ఇంటి ఎత్తును 0.87తో గుణించండి, ఉత్తరం వైపు మధ్యాహ్నపు నీడ పొడవు వస్తుంది. తూర్పు, పడమర గోడల పక్కన ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి ఫోన్‌తో ఫొటో తీస్తే ఒక్క రోజులో లెక్క తేలిపోతుంది. ఆరు గంటలకు మించి నేరుగా ఎండ పడితే ఏ రకమైనా సరే. నాలుగైదు గంటలైతే గరిక జాతులు వద్దు. మూడు నాలుగు గంటలైతే వెడల్పాకు గడ్డి ఒక్కటే దారి. అంతకన్నా తక్కువైతే లాన్ ఆలోచన మానుకుని నీడలో పెరిగే మోండో గ్రాస్ నాటండి, లేదా గులకరాళ్లు పరవండి. అపార్ట్‌మెంట్ల పక్క సందుల్లో గడ్డి వేయించడం ఏటా డబ్బు పారేసుకోవడమే.

నీటిని కూడా అదే రోజు చూడండి. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు, ఆర్‌ఓ మిషన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర ఉండేది, చాలు. బోరు నీరు వెయ్యి లోపు చూపిస్తే నిశ్చింత. వెయ్యికీ రెండు వేలకీ మధ్య ఉంటే గరిక, జోయ్‌సియా (కొరియన్, మెక్సికన్ పేర్లతో అమ్మే జాతి) తట్టుకుంటాయి, కాకపోతే నీరు కిందికి ఇంకే నేల కావాలి. రెండు వేలు దాటితే సముద్రపు గడ్డి అనే పాస్పాలం తప్ప మిగతావి నమ్మకండి. ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో తీసుకోవాలి. వానల తర్వాత బోరు తియ్యగా అబద్ధం చెబుతుంది.

నర్సరీ పేరును కాదు, ఆకును నమ్మండి

కొరియన్, మెక్సికన్, కార్పెట్, బఫెలో. ఈ పేర్లు ఊరూరికీ మారతాయి. ఒక నర్సరీలో మెక్సికన్ అన్నదాన్నే పక్క నర్సరీలో ఇంకో పేరుతో అమ్ముతారు. పేరు అడగండి, కానీ ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని చూశాకే బేరం ఆడండి.

గరిక జాతి: ఆకు మెత్తగా, సన్నగా, కాస్త బూడిద కలిసిన పచ్చ. తీగ సన్నగా గట్టిగా ఉంటుంది. పూత కాడ కొసన మూడు నుంచి ఐదారు వేళ్లు ఒకే చోట నుంచి విచ్చుకుంటాయి. వినాయక చవితి పూజకు తెచ్చే గరిక కూడా ఇదే జాతి. లాన్‌కు వాడేవి దానికి మేలు రకాలు. సెలెక్షన్ వన్ పేరుతో మన నర్సరీల్లో దొరికేది ఒకటి. అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్‌లో పుట్టిన టిఫ్‌వే 419, టిఫ్‌డ్వార్ఫ్ సంకరాలు మరికొన్ని. సంకరాలకు మొలిచే విత్తనం ఉండదు. ఎవరైనా టిఫ్‌వే విత్తనం అని పొట్లం చూపిస్తే అది మామూలు గరికే. ఎండ, తొక్కుడు, ఎద్దడి, కొంత ఉప్పు, అన్నింటినీ తట్టుకుంటుంది. నీడను మాత్రం అసలు భరించదు. ఇంకో చిక్కు, వానాకాలంలో వారానికి ఒకటి రెండు కోతలు తప్పవు. పిల్లలు బంతాట ఆడే లాన్‌కు దీన్ని మించింది లేదు.

జోయ్‌సియా జాతి: ఆకు బిరుసు, కొన అరచేతికి గుచ్చుకుంటుంది. పూత ఒంటి కంకి, వేళ్లు ఉండవు. ఆకు మిల్లీమీటరు వెడల్పుతో సూదిలా ఉంటే సాధారణంగా కొరియన్ అని అమ్మేది. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే మట్రెల్లా, మెక్సికన్ పేరుతో వచ్చేది చాలాసార్లు ఇదే. నా తూకంలో కోస్తాలో మామూలు ఇంటికి మట్రెల్లానే మొదటి ఎంపిక. అర ఎండకు ఓర్చుకుంటుంది, ఉప్పుగాలికి బెదరదు, నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి నెలకు రెండు కోతలు చాలు. సూది కొరియన్ ఫొటోలో అందంగా ఉంటుంది, కోయకుండా వదిలేస్తే బుడిపెలు బుడిపెలుగా మెత్తటి దిండ్లు కడుతుంది. ఆ దిండ్ల కింద ఎండు పొర ఏటేటా మందమవుతూ పోతుంది. తర్వాత ఎప్పుడు మోవర్ పెట్టినా పచ్చదనం పోయి గడ్డివాము రంగు తేలుతుంది. అలంకారానికి చిన్న చోటికైతే సరే, నడిచే లాన్‌కు వద్దు.

వెడల్పాకు గడ్డి: నర్సరీల్లో బఫెలో అనేది. శాస్త్రీయంగా ఆక్సోనోపస్. ఆకు సెంటీమీటరు వెడల్పు, కొన మొండిగా ఉంటుంది, తీగ చప్పిడిగా నొక్కినట్టుంటుంది. కేరళ ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేది ఇదే. మామిడి, పనస నీడలో కూడా నిలబడుతుంది, తడి నేలను సహిస్తుంది. ఉప్పు నీరు, ఎద్దడి మాత్రం దీనికి సరిపడవు. హ్యూస్టన్‌లోనో ఫ్లోరిడాలోనో బంధువుల ఇంటి ముందు చూసి అలాంటిదే కావాలని అడిగేవాళ్లుంటారు. అక్కడ మీరు చూసింది ఎక్కువగా సెయింట్ అగస్టీన్, పూత కాడ దళసరిగా బెండులా ఉండే వేరే గడ్డి. చూపుకు దానికి దగ్గరగా ఉండేది మన బఫెలోనే, సర్దుకోవచ్చు.

పాస్పాలం: పూత కాడ కొసన రెండే వేళ్లు, వీ ఆకారంలో. గోల్ఫ్ మైదానాలవాళ్లు ఉప్పు నేలల్లో వేస్తారు. చిన్న నర్సరీల్లో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి.

పాతదాన్ని తీయడం: అసలు పని ఇది

లెక్కకు ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు లాన్ తీసుకుందాం. అంటే 600 చదరపు అడుగులు, దాదాపు 56 చదరపు మీటర్లు. కింద చెప్పే తూకాలన్నీ దీనికే.

పని ఏప్రిల్ మొదట్లో మొదలెట్టి, జూన్ చివర నుంచి ఆగస్టు మధ్య లోపు నాటడం కోస్తాకు సరైన వరస. సెప్టెంబరు చివర నాటితే వేరు పట్టేలోపే అక్టోబరు, నవంబరు తుపాను వానలకు కొట్టుకుపోతుంది. డిసెంబరులో నాటితే చావదు, పెరగదు, ఖాళీల్లో కలుపు పెరుగుతుంది.

ముందుగా పాత గడ్డిని ఎండు పొరతో సహా అంగుళంన్నర మందాన పారతో ఒలిచేయండి. 600 చదరపు అడుగులకు ఇది సుమారు 75 ఘనపుటడుగులు వస్తుంది, ట్రాక్టర్ ట్రక్కుకు కొంచెం తక్కువ. ఎక్కడ పోయిస్తారో ముందే మాట్లాడుకోండి.

ఇక తుంగ. రోటవేటర్‌తో ఒక్క పూటలో దున్నించేస్తే పని అయిపోయిందనుకుంటారు. తుంగ గడ్డలు భూమిలో గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. గొలుసు కొసన ఉన్నది మొలకెత్తి, మిగతావాటిని నిద్రపుచ్చి ఉంచుతుంది. రోటవేటర్ ఆ గొలుసును ముక్కలు చేస్తే నిద్రపోతున్న ప్రతి గడ్డా లేస్తుంది. పాత గరికదీ అదే కథ, ఒక తీగ ఇరవై ముక్కలై ఇరవై మొక్కలవుతుంది. అందుకని పళ్ల పార, అంటే గార్డెన్ ఫోర్క్‌తో, ముప్పావు అడుగు లోతు తిరగేసి గడ్డల్ని చేతితో ఏరాలి. ఎక్కువ గడ్డలు పై అరడుగులోనే ఉంటాయి. తిరగేసిన మట్టిని పెళ్లలుగా ఏప్రిల్ ఎండలో పదిహేను రోజులు వదిలేస్తే పైకి తేలిన గడ్డలు ఎండి చస్తాయి. ఈలోపు వాన పడితే లెక్క మళ్లీ మొదటికి.

తర్వాత నీరు పెట్టండి. మొలిపించి చంపడమే ఇందులో కిటుకు. వారం రోజులు తడిపితే మిగిలిన తుంగ, గరిక, ఊద, పులిచింత అన్నీ లేస్తాయి. తుంగ ఐదారు ఆకులకు వచ్చాక, పూత రాకముందే గడ్డతో సహా తీయండి. మళ్లీ తడపండి, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీయండి. ఇలా మూడు విడతలు. ఒకటి, రెండు విడతలతో ఆపినవాళ్లే ఆగస్టులో ఫోన్లు చేస్తారు.

మందు కొట్టించాలనుకుంటే గ్లైఫోసేట్ 41 శాతం, లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు. ఆకు పచ్చగా చురుగ్గా పెరుగుతున్నప్పుడే పని చేస్తుంది. వాడిపోయిన గడ్డి మీద, అప్పుడే కోసిన గడ్డి మీద కొడితే మందు దండగ. కొట్టాక ఆరు గంటలు వాన పడకూడదు, పది పదిహేను రోజులు తవ్వకూడదు. తుంగకు, గరికకు రెండో దఫా తప్పదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతనే వాడించాలని నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి డబ్బా కొనుక్కుని సొంతంగా పిచికారీ చేయకుండా లైసెన్సున్న మనిషిని పిలవండి. గాలిలో పక్కింటివాళ్ల మందారం మీద పడితే స్నేహం కూడా పోతుంది.

మట్టి, వాలు, మట్టం

మూడో విడత కలుపు తీశాక వాలు సరిచేయాలి. నీరు ఇంటి నుంచి బయటికి పోవాలి, మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఇరవై అడుగుల వెడల్పుకు ఇది మూడున్నర అంగుళాలు. మేస్త్రీల నీటి గొట్టంతో రెండు కొసలూ కొలిచి మేకులు కొట్టి దారం కట్టండి. కంటికి సమంగా కనిపించిందని వదిలేస్తే మొదటి పెద్ద వానకే గుంటలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. గడ్డి రకం ఏదైనా, నీరు రెండు రోజులకు మించి నిలిచే గుంట మిగలకూడదు.

బయటి నుంచి మట్టి తెప్పించేవాళ్లు ట్రక్కు దిగీ దిగగానే పరిచేయకండి. పక్కన కుప్ప పోయించి రెండు మూడు వారాలు తడుపుతూ ఉండండి. తుంగ లేచిందా, ఆ మట్టి తిప్పి పంపండి. మూడు నెలలు ఏరి ఏరి వదిలించుకున్న తుంగ ఎర్రమట్టి ట్రక్కులో తిరిగి వచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. పశువుల ఎరువుదీ అదే సంగతి. పచ్చి ఎరువులో కలుపు విత్తనాలూ, వేరుపురుగు గుడ్లూ ఉంటాయి. చేతిలో నలిపితే పొడిపొడిగా, వాసన లేకుండా ఉన్నదే తీసుకుని జల్లెడ పట్టండి. చదరపు మీటరుకు నాలుగైదు కిలోలు, మన లెక్కకు 225 నుంచి 280 కిలోలు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మీటరుకు 30 గ్రాములు, మొత్తం కిలో 700 గ్రాములు. రెండింటినీ పై అరడుగులో కలపాలి. నల్లరేగడి అయినా, ఉప్పు బోరు అయినా మీటరుకు 200 గ్రాముల జిప్సం, మొత్తం 11 కిలోలు. బంకమన్ను మెత్తబడాలని కాస్త ఇసుక కలిపించకండి. కొద్ది ఇసుక బంకమన్నులో పడితే ఇంకా గట్టిపడుతుంది. బంకను ఎరువే విడదీస్తుంది. సముద్రపు ఇసుక మాత్రం ఏ పనికీ ఈ ఛాయలకు రానీయకండి.

పరిచే తివాచీ మందం అంగుళం ఉంటుంది కాబట్టి నేల మట్టం నడకదారి కన్నా అంగుళం పైచిలుకు కిందికి ఉండాలి. రోలర్ లేకపోతే తడిపి, ఒక రోజు ఆగి, పాదాలతో తొక్కి చదును చేయండి. నడిస్తే అడుగుజాడ సెంటీమీటరుకు మించి దిగకూడదు. పక్కింట్లోనో ఫెన్సింగ్ పక్కనో అడవి గరిక ఉంటే ఆ అంచున అరడుగు లోతుకు కడప రాయి గానీ, మందపాటి ప్లాస్టిక్ పట్టీ గానీ పాతండి. మట్రెల్లాలోకి గరిక దూరితే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

నాటడం

గరిక రకాలకు తివాచీ కొనడం అనవసర ఖర్చు. పిలకలు నాటితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నేల కనబడదు. జోయ్‌సియా పిలకలతో నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నాళ్లూ ఖాళీల్లో కలుపు తీయించే కూలి తివాచీ ధరను మింగేస్తుంది. జోయ్‌సియాకు తివాచీయే మేలు. బఫెలో రెండింటికీ మధ్య, పిలకలతో రెండు మూడు నెలలు.

పిలకలంటే రెండు మూడు కణుపులు, కాస్త వేరు ఉన్న తీగ ముక్కలు. ఒక చదరపు అడుగు దిమ్మను విడదీస్తే ఎనిమిది, పది చదరపు అడుగులకు వస్తాయి. పది సెంటీమీటర్ల ఎడంగా నాటితే చదరపు మీటరుకు వంద, మన లాన్‌కు 5,600 పిలకలు. ఒక కణుపు మట్టిలోకి వెళ్లాలి, కొస ఆకులు బయట ఉండాలి. తీసిన పిలకల్ని తడి గోనె కింద ఉంచి ఆ పూటే నాటేయండి. అరగంట ఎండ తగిలితే సగం పోతాయి. గడ్డిని తరిగి పేడలో కలిపి నేలకు పూసే పాత పద్ధతి ఒకటుంది. పొడి ప్రాంతాల్లో బాగానే పని చేస్తుంది గానీ, మన ఉక్కలో పచ్చి పేడ పొర కింద పిలకలు కుళ్లడం ఎక్కువ.

తివాచీ అయితే 5 శాతం అదనంగా, 630 చదరపు అడుగులు చెప్పండి. లోడు తెల్లారేసరికి మీ గేటు ముందు ఉండేలా మాట్లాడుకోండి. చుట్టి పేర్చిన గడ్డి లోపల వేడెక్కుతుంది. చెయ్యి దూర్చి చూస్తే వెచ్చగా తగిలి, ఆకు పసుపు తిరిగి ఉంటే తీసుకోకండి. దించిన రోజే పరిచేయాలి, మిగిలితే విప్పి నీడలో తడిపి ఉంచాలి. నేలను ముందే తడపండి. ఇటుక వరసల్లా అతుకులు ఎడంగా వచ్చేలా పరచండి, అంచులు లాగి సాగదీయకుండా దగ్గరగా నొక్కండి. ఎడం వదిలితే ఎండకు అంచులు ముడుచుకుని గీతలు గీతలుగా ఎండిపోతాయి. తివాచీ అడుగు మట్టి మీ నేలకన్నా జిగురుగా ఉంటే పరిచే ముందు అడుగును కత్తితో గీరి పలచన చేయండి. వేరు పట్టాక నెల రోజులకు ఫోర్క్‌తో మూడంగుళాల లోతున, అరడుగుకో పోటు చొప్పున పొడిచి సన్నటి నది ఇసుకను కసవుచీపురుతో ఆ రంధ్రాల్లోకి ఊడ్చండి. పై పూత ఐదు మిల్లీమీటర్లు దాటకూడదు, మన లాన్‌కు పది ఘనపుటడుగులు సరిపోతుంది.

మొదటి రెండు నెలలు

మొదటి వారం పైపొర ఆరకుండా రోజుకు రెండు మూడు సార్లు తేలిగ్గా తడపాలి. వాన పడిన రోజు మానేయండి. రెండో వారం పొద్దున ఒక్కసారి. పదో రోజు దాటాక తివాచీ ఒక మూల పట్టుకుని పైకి లాగండి. రాకుండా బిగిసి ఉంటే వేరు దిగింది, నీళ్లు తగ్గించుకుంటూ రావచ్చు. మూడు వారాలు దాటినా రోజుకు మూడుసార్లు నీళ్లు పోసే ఇంట్లో వేర్లు పైపైనే ఉండిపోతాయి.

స్థిరపడ్డాక లెక్క సులువు. మిల్లీమీటరు నీరంటే చదరపు మీటరుకు లీటరు. వేసవిలో రోజుకు ఐదారు మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది, అంటే మన లాన్‌కు 280 నుంచి 336 లీటర్లు. రోజూ కొంచెం కొంచెం కాకుండా మూడు నాలుగు రోజులకోసారి వెయ్యి లీటర్ల పైన ఒకేసారి ఇవ్వండి. ఇసుక నేల అయితే రెండు రోజులకోసారి. తడిపేది తెల్లవారుజామునే. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగా ఉంటుంది, బూజుకు కావలసిందీ అదే.

కోత ఎత్తు: గరిక రెండు, రెండున్నర సెంటీమీటర్లు, మట్రెల్లా మూడు, బఫెలో ఐదు. ఒక్క కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. పెళ్లికి ముందు రోజు నున్నగా కోయించి, తర్వాత నెలంతా గోధుమ రంగు చూసుకునేవాళ్లు ఈ లెక్క మరిచినవాళ్లే. బ్లేడు మొద్దుబారితే ఆకు కొసలు చీరి తెల్లబడతాయి, దూరానికి లాన్ బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు.

యూరియా నాటిన నెలకు మొదలెట్టండి. చదరపు మీటరుకు ఐదు గ్రాములు, మొత్తం 280 గ్రాములు. పొడి ఆకు మీద ఇసుకతో కలిపి చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. తడి ఆకు మీద పడితే ప్రతి గింజా ఒక మాడు మచ్చ. గరికకు పెరిగే కాలంలో ఐదారు వారాలకోసారి, జోయ్‌సియాకు అందులో సగం. ముసురు పట్టిన వారంలో, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం యూరియా ముట్టుకోవద్దు. కొట్టుకుపోయేది పోగా మిగిలింది లేత ఆకును పెంచి తెగులుకు వడ్డిస్తుంది. యూరియా వేసినా లేత ఆకులే పసుపు తిరిగితే, ముఖ్యంగా సున్నపు నేలల్లో, అది ఇనుము లోపం. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మఉప్పు గ్రాము, లీటరు నీటిలో కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే వారంలో తేడా తెలుస్తుంది. నేల మీదా, టైల్స్ మీదా పడితే తుప్పు మరక పోదు, ముందే చెబుతున్నాం.

తుంగ మళ్లీ కనిపిస్తుంది, కంగారు వద్దు. పది మొక్కలున్నప్పుడే గడ్డతో తీసేయండి. వందలు అయితే చెరకు తోటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ గరికనూ జోయ్‌సియానూ చంపకుండా తుంగను చంపుతుంది. దాని మోతాదు ఎకరాకు 36 గ్రాములు. అంటే మన లాన్‌కు అర గ్రాము! వంటింటి తూకం పనికిరాదు, బంగారం కొట్టు తూకం కావాలి. కంటి అంచనాతో చెంచాడు కలిపితే తుంగతో పాటు లాన్ కూడా పచ్చదనం పోగొట్టుకుంటుంది. లాన్ నాటి కనీసం రెండు నెలలు దాటి, నేల నిండాకే కొట్టించండి.

వానల్లో వచ్చేవి

ఆగస్టు, సెప్టెంబరుల్లో గుండ్రటి గోధుమ మచ్చలు పెరుగుతూ పోతాయి. తెల్లవారుజామున మచ్చ అంచున సాలెగూడు లాంటి దారాలుంటే, ఆకు లాగితే మొదలు కుళ్లి ఊడి వస్తే అది రైజోక్టోనియా అనే బూజు తెగులు. నీళ్లు, యూరియా ఆపి, ప్రొపికోనజోల్ లీటరుకు మిల్లీలీటరు చొప్పున మచ్చా, దాని చుట్టూ రెండడుగులూ తడిచేలా కొట్టి, పదిహేను రోజులకు ఇంకోసారి కొట్టండి. మచ్చ గుండ్రంగా కాక నీరు పారిన దారిలో చారలుగా, నూనె పూసినట్టు నల్లబడి ఒక్క రాత్రిలో పడిపోతే అది పిథియం అనే వేరే తెగులు. దానికి ప్రొపికోనజోల్ పనిచేయదు, మెటలాక్సిల్ మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు రెండు గ్రాములు. అది వచ్చిన చోట వాలు మళ్లీ కొలవండి, దాదాపు ఎప్పుడూ అక్కడ గుంట ఉంటుంది. వానలకు పుట్టగొడుగులు వలయంగా లేస్తే కింద పాత చెట్టు మొద్దో, సెంట్రింగ్ చెక్కో కుళ్లుతోంది. పొడిచి తడిపితే చాలు, మందు అక్కర్లేదు.

ఉన్నట్టుండి గోరింకలు గుంపుగా లాన్ మీద వాలి పొడుస్తుంటే లద్దెపురుగు అనుమానించండి. పగలు కనబడదు. బకెట్ నీళ్లలో రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రావణం కలిపి చదరపు మీటరు మేర పోస్తే పది నిమిషాల్లో పురుగులు పైకి పాకుతూ వస్తాయి. అరడజను దాటితే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం, లీటరుకు 0.4 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట కొట్టాలి. మందు ఆరేదాకా పిల్లల్నీ, కుక్కనూ లాన్ మీదికి వదలకండి.

ఇంత చేసినా ఏదో ఒక మూల చదరపు గజం పోతుంది. దాని కోసం మళ్లీ లోడు తెప్పించక్కర్లేదు. మచ్చను బాగున్న గడ్డి దాకా నలుపలకలుగా కోసి తీయండి, కింద రెండంగుళాల మట్టి మార్చండి, లాన్ వెనకవైపు కనబడని అంచు నుంచి అదే కొలత దిమ్మ తెచ్చి అతకండి. ఆ ఖాళీ అయిన వెనక అంచులో పిలకలు నాటుకుంటే వచ్చే మచ్చకు దిమ్మ అక్కడే తయారుగా ఉంటుంది.